అమెరికా బాగుందా, కుప్పకూలిందా? ఆర్థిక వార్తల్లో ఏది నమ్మాలి?

మీరు అడిగింది ఇదీ: "టీవీలో చూస్తే అమెరికాలో నిరుద్యోగం తక్కువ, స్టాక్ మార్కెట్ రికార్డులు కొడుతోంది అంటారు. యూట్యూబ్ తెరిస్తే అమెరికా పని అయిపోయింది, జనం కార్లలో పడుకుంటున్నారు అంటారు. మా అమ్మాయి ఎమ్మెస్‌కి వెళ్తానంటోంది. ఏది నమ్మాలి?"

సూటిగా చెప్పాలంటే, రెండింటినీ ఉన్నదున్నట్టు నమ్మకండి. ప్రభుత్వం ఇచ్చే అంకెలు దొంగ లెక్కలని నేననుకోను. కానీ అవి దేశం మొత్తానికి వేసిన లెక్కలు. పైగా వాటిలో ఎక్కువ భాగం "నిరుటి మీద ఎంత మారింది" అనేదే చెబుతాయి. ఇల్లు నడిచేది మాత్రం నెలాఖరుకి చేతిలో ఎంత మిగిలిందన్న దాని మీద. ఆ సంగతి హెడ్‌లైన్లలో ఉండదు. ఇక యూట్యూబ్ థంబ్‌నెయిల్ చూపించే కష్టం అబద్ధం కాదు గానీ, అదే దేశమంతా అనుకుంటే పొరపాటు.

నేను టెక్సస్‌లో ఉంటాను. వృత్తి అకౌంటింగ్. ఏటా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా శనివారాలు తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఉచితంగా టాక్స్ రిటర్నులు వేసిపెట్టే శిబిరంలో వాలంటీర్‌గా కూర్చుంటాను. ఐఆర్‌ఎస్ (ఇక్కడి ఆదాయపన్ను శాఖ) నడిపించే కార్యక్రమమే అది, వీటా అంటారు. టాక్స్ కాగితాలు చూస్తే ఆ ఇంట్లో ఏడాది ఎలా గడిచిందో చాలావరకు తెలిసిపోతుంది. అందుకే ఈ జవాబు అక్కడ చూసినదాన్ని పట్టుకునే రాస్తున్నాను.

ధరల పెరుగుదల తగ్గడం వేరు, ధరలు తగ్గడం వేరు. ఎక్కువ మంది తికమకపడేది ఇక్కడే. 2022 జూన్‌లో ద్రవ్యోల్బణం 9.1 శాతం. తర్వాత 3 శాతానికి అటూ ఇటూగా దిగింది. "ద్రవ్యోల్బణం అదుపులోకి వచ్చింది" అని వార్తలొచ్చాయి, నిజమే. కానీ మెట్లెక్కే వేగం తగ్గిందే తప్ప ఎవరూ కిందికి దిగలేదు. వినియోగదారుల ధరల సూచీ 2021 జనవరిలో 261 దగ్గర ఉంటే, 2025 జనవరికి 317 దాటింది. అంటే నాలుగేళ్లలో సుమారు 21 శాతం. నిరుడు వంద డాలర్ల సరుకు ఈ ఏడాది నూట మూడయితే ఆర్థికవేత్తకు ఊరట. కొనేవాళ్ల బుర్రలో మాత్రం కోవిడ్ ముందు ధరే ఉంది. వాళ్లది తెలియనితనం కాదు, వాళ్ల జీతం ఆ ధరలకు సరిపోయేలా కుదిరింది కాబట్టి దానితోనే పోల్చుకుంటారు.

ఆ 21 శాతం కూడా సగటే. కారు ఇన్సూరెన్స్ చూడండి. 2024 ఏప్రిల్‌లో అది ఒక్క ఏడాదిలోనే 22 శాతం పైన పెరిగింది. టెక్సస్‌లో కారు లేకుండా ఉద్యోగానికి వెళ్లలేరు, ఇన్సూరెన్స్ లేకుండా బండి తీయకూడదు. టీవీలు, బొమ్మలు చవకయితే సూచీ కాస్త చల్లబడుతుంది. కానీ నెలనెలా టీవీ కొనేవాళ్లెవరు? తప్పించుకోలేని ఖర్చులు పెరిగి, వాయిదా వేసుకోగలిగే వస్తువులు తగ్గితే సగటు బాగానే కనిపిస్తుంది. ఇల్లు మాత్రం ఇరుకున పడుతుంది.

ఒక కుటుంబం లెక్క చెబుతాను. వాళ్లెవరో తెలియకుండా అంకెలను కొంచెం గుండ్రం చేశాను. భర్త గోడౌన్‌లో పని, భార్య స్కూల్ క్యాంటీన్‌లో. బడికెళ్లే పిల్లలిద్దరు. 2024లో ఇద్దరి జీతం కలిపి 62,000 డాలర్లు. మన దగ్గర వెంటనే దాన్ని రూపాయల్లోకి మార్చి "అరకోటి పైనే!" అంటారు. దయచేసి అలా మార్చకండి. వాళ్లు డాలర్లలోనే అద్దె కడతారు, డాలర్లలోనే పాలు కొంటారు.

నెలకు 5,160 దాకా వస్తుంది. అందులో ఆఫీసు ద్వారా తీసుకున్న హెల్త్ ఇన్సూరెన్స్‌కి 520 పోతుంది. సోషల్ సెక్యూరిటీ (పెన్షన్ కోత), మెడికేర్ (వృద్ధుల వైద్యం కోత), ఇన్‌కమ్ టాక్స్ పోగా చేతికొచ్చేది 4,250 దగ్గర. అద్దె 1,650. కరెంటు, నీళ్లు, ఫోన్లు, ఇంటర్నెట్ 430. కారు లోన్ 490. కారు ఇన్సూరెన్స్ 310. పెట్రోలు 260. తిండి 900. క్రెడిట్ కార్డు మినిమమ్ 220. కూడి చూడండి, 4,260 అవుతుంది. బట్టలు లేవు, టైరు మార్చడం లేదు, పిల్లాడి పన్నుకి డెంటిస్టు లేడు. అవన్నీ కార్డు మీదికే వెళ్తాయి. పిల్లల మీద ప్రభుత్వం ఇచ్చే టాక్స్ క్రెడిట్‌తో కలిపి రీఫండ్ 1,900 దాకా వచ్చింది, అది నేరుగా ఆ కార్డు బాకీకే పోయింది. అదే అపార్ట్‌మెంట్‌కి 2020లో 1,250 కట్టేవాళ్లమని ఆవిడ చెప్పారు. అద్దె ఆ నాలుగొందలు పెరగకపోతే అదే వాళ్ల నెలాఖరు మిగులు అయ్యేది.

ఈ ఇంట్లో ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి. నిరుద్యోగ లెక్కల్లో వీళ్లు ఎక్కడా కనిపించరు. దుబారా అంటారా, ఆ జాబితాలో నాకు ఎక్కడా కనబడలేదు.

నిరుద్యోగ రేటు ఏం చెబుతుంది, ఏం చెప్పదు. కార్మిక గణాంకాల సంస్థ బీఎల్‌ఎస్ ప్రతి నెలా సుమారు 60,000 ఇళ్లను అడిగి ఈ రేటు కడుతుంది. ఆ వారంలో డబ్బుకి ఒక గంట పనిచేసినా ఉద్యోగం ఉన్నట్టే. గత నాలుగు వారాల్లో ఉద్యోగం వెతకకపోతే మామూలుగా నిరుద్యోగి కిందికి రారు. ఇది మోసం కాదు, ఏళ్లుగా అందరికీ తెలిసిన నిర్వచనమే. 2023 ఏప్రిల్‌లో ఆ రేటు 3.4 శాతానికి దిగింది, 1969 తర్వాత అంత తక్కువ లేదు. 2020 ఏప్రిల్‌లో 15 శాతానికి దగ్గరగా వెళ్లిన దేశానికి అది చిన్న సంగతేమీ కాదు.

అదే రోజు "ఈ నెల ఇన్ని ఉద్యోగాలు పెరిగాయి" అని ఇంకో అంకె వస్తుంది. అది వేరే సర్వే. ఇళ్లను కాదు, కంపెనీల పే రోల్‌ను అడుగుతారు. అందులో లెక్కపెట్టేది ఉద్యోగాలను, మనుషులను కాదు. పొద్దున ఒక చోట, రాత్రి ఇంకో చోట పనిచేసే మనిషి అక్కడ రెండు ఉద్యోగాలు. నా బల్ల ముందు కూర్చుని కవర్‌లోంచి మూడు డబ్ల్యూ-2లు (కంపెనీ ఇచ్చే జీతం కాగితాలు) తీసేవాళ్లను ప్రతి సీజన్లోనూ చూస్తాను. కొందరి దగ్గర వాటితో పాటు డెలివరీ యాప్ ఇచ్చిన 1099 (జీతం కాని ఆదాయం చూపే కాగితం) కూడా ఉంటుంది. ఆ 1099 పని పే రోల్ సర్వేలో అసలు రాదు. అలా ఒకే ఇంటి పని ఒక సర్వేలో రెండుసార్లు లెక్కకొస్తుంది, కొంత అసలే రాదు.

మొదటిసారి వచ్చిన అంకెను చివరి మాట అనుకోకండి. 2024 ఆగస్టులో బీఎల్‌ఎస్ తన పాత లెక్కను సరిచూసుకుని, ఆ ఏడాది మార్చి వరకు చెప్పిన ఉద్యోగాల్లో 8,18,000 తగ్గించాల్సి రావచ్చంది. తుది లెక్కలో కోత 6 లక్షల దగ్గర తేలింది. 2025 సెప్టెంబరులో మళ్లీ అదే పని, ఈసారి ప్రాథమిక అంచనా 9,11,000 తక్కువ. 2025 ఆగస్టు 1న మే, జూన్ అంకెలను కలిపి 2,58,000 తగ్గించగానే అధ్యక్షుడు ట్రంప్ అదే రోజు బీఎల్‌ఎస్ కమిషనర్ ఎరికా మెక్‌ఎంటార్ఫర్‌ను తొలగించారు.

ఇందులో నాకు కోపం తెప్పించేది ఆ తొలగింపే. సవరించడం తప్పు కాదు. కంపెనీలు ఆలస్యంగా జవాబులిస్తాయి, రాష్ట్రాల నుంచి టాక్స్ రికార్డులు తర్వాత వస్తాయి, వాటిని బట్టి దిద్దుకోవడమే నిజాయితీ. దిద్దినందుకు ఉద్యోగం ఊడితే రేపు దిద్దడానికి ఎవరు సాహసిస్తారు? అసలు సమస్య ఇంకోటుంది. ఇళ్ల సర్వేకి పదేళ్ల కిందట పదిమందిలో తొమ్మిది మంది దాకా జవాబిచ్చేవారు, ఇప్పుడు ఏడుగురు కూడా ఇవ్వడం లేదు. 2025 అక్టోబరు 1 నుంచి 43 రోజులు ప్రభుత్వం మూతపడితే ఆ నెల ఇళ్ల సర్వే జరగనే లేదు. 1948 నుంచి నెలనెలా వస్తున్న నిరుద్యోగ రేటు ఆ అక్టోబరుకి లేకుండా పోయింది. కాబట్టి ఒక్క నెల అంకె చూసి సంబరపడకండి, బెంబేలెత్తకండి. మూడు నాలుగు నెలల వరస చూడండి.

ఇంటి వాయిదా సూచీలో కనిపించదు. మన తెలుగువాళ్లకు బాగా అర్థమయ్యేది ఇదే. 2021 జనవరిలో ముప్ఫై ఏళ్ల హోమ్‌లోన్ వడ్డీ సగటున 2.65 శాతానికి దిగింది. 2023 అక్టోబరులో 7.79 దాకా ఎక్కింది. ఒకే వీధిలో రెండు ఇళ్లు అనుకోండి, ఇద్దరికీ 4 లక్షల డాలర్ల లోనే. 3 శాతానికి తీసుకున్నాయన నెలకు 1,686 కడతాడు. రెండేళ్ల తర్వాత 7 శాతానికి తీసుకున్నాయన 2,661 కడతాడు. ప్రాపర్టీ టాక్స్, ఇన్సూరెన్స్ దీనిపైన అదనం. నెలకు వెయ్యి డాలర్ల దగ్గర తేడా, ముప్ఫై ఏళ్లు. ధరల సూచీలో ఈ తేడా ఎక్కడా లేదు. ఎందుకంటే 1983 నుంచి సొంత ఇంటి ఖర్చుగా వడ్డీని కాకుండా, ఆ ఇంటిని అద్దెకిస్తే ఎంతొస్తుందో ఆ మొత్తాన్ని లెక్కిస్తున్నారు. దానికి కారణాలున్నాయి, ఇల్లు కొనడం పెట్టుబడి కూడా కదా. కానీ కొత్తగా పెళ్లయిన జంటకు ఆ కారణాలతో పనిలేదు, వాయిదాతోనే పని. అలాగే 3 శాతం లోన్ ఉన్నవాళ్లు ఇల్లు వదలరు, అమ్మకానికి ఇళ్లు రావు, ధరలు దిగవు. ఫంక్షన్లలో "అమెరికా సూపర్" అనే అన్నయ్యనూ "ఇక్కడేం లేదు" అనే తమ్ముడినీ విడివిడిగా అడగండి, ఇల్లు ఏ ఏడాది కొన్నారని.

ఇప్పుడు రెండో వైపు. భయపెట్టే అంకెలను కూడా ఇంతే గట్టిగా నిలదీయాలి.

"40 శాతం అమెరికన్ల దగ్గర 400 డాలర్లు కూడా లేవు" అని మీరు వినే ఉంటారు. ఆ మాట అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ఏటా చేసే సర్వే నుంచి వచ్చింది. అక్కడ అడిగేది, అనుకోకుండా 400 డాలర్ల ఖర్చొస్తే ఎలా కడతారని. 2023లో 63 శాతం మంది నగదుతో గానీ, నెలాఖరుకి పూర్తిగా కట్టేసే కార్డుతో గానీ అన్నారు. మిగతా 37 శాతంలో చాలామంది కార్డు మీద పెట్టి మెల్లగా తీరుస్తామన్నారు, లేదా ఎవరినైనా అడుగుతామన్నారు. ఏ రకంగానూ కట్టలేమన్నవాళ్లు 13 శాతం. పదమూడు శాతమంటే కోట్ల మంది, అది చిన్న బాధ కాదు. కానీ 40 కాదు. ఇదే సర్వేలో 2013లో వెంటనే కట్టగలమన్నవాళ్లు 50 శాతమే, అంటే పదేళ్లలో మెరుగైంది.

"కార్డు అప్పు చరిత్రలోనే రికార్డు" అనే వార్త ఇంకోటి. 2024 చివరికి ఫెడరల్ రిజర్వ్ న్యూయార్క్ శాఖ (న్యూయార్క్ ఫెడ్) లెక్కలో కార్డుల బాకీ 1.21 లక్షల కోట్ల డాలర్లు, నిజమే. జనాభా, ధరలు, జీతాలు పెరుగుతుంటే ఈ అంకె మాటిమాటికీ రికార్డే అవుతుంది. ఆదాయంతో పోల్చి చూస్తే అమెరికా కుటుంబాలు అప్పుల వాయిదాలకు కట్టే వాటా 2007 చివరి కంటే ఇప్పుడు బాగా తక్కువ. నేను చూసేది ఆ రికార్డును కాదు, వడ్డీని. 2024లో కార్డు వడ్డీ సగటు 21 శాతం పైన ఉండేది. పైన చెప్పిన కుటుంబం కట్టే 220లో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది.

"ఇంతమంది నెల జీతం మీద బతుకుతున్నారు" అనే సర్వేలు చాలావరకు అప్పులిచ్చే కంపెనీలు, ఫైనాన్స్ యాప్‌లు చేయించినవి. అందులో 401(కె) అనే రిటైర్మెంట్ ఖాతాలో బాగా దాచుకుని మిగిలింది ఖర్చుపెట్టేవాడూ అవుననే అంటాడు, పూట గడవనివాడూ అవుననే అంటాడు. వాటిని నేను పక్కన పెట్టేస్తాను. ఇంకో మాట కూడా చెప్పాలి. 2020 నుంచి 2023 మధ్య అందరికంటే వేగంగా జీతాలు పెరిగింది కింది స్థాయి పనివాళ్లకే. ఫెడరల్ కనీస వేతనం మాత్రం 2009 జులై నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఉంది, టెక్సస్‌లో ఇప్పటికీ అదే చట్టం. అయినా నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఆ రేటుకు పనిచేసేవాళ్లు దాదాపు కనపడరు. మనుషులు దొరక్క కంపెనీలే పెంచాయి.

మరి కష్టం ఎక్కడుందో ఎలా కనిపెట్టాలి? టాక్స్ బల్ల దగ్గర నేను చూసే కాగితాలు కొన్నున్నాయి. 1099-ఆర్‌లో కోడ్ 1 ఉంటే, యాభై తొమ్మిదిన్నర ఏళ్లు రాకుండానే రిటైర్మెంట్ డబ్బు తీశారని అర్థం. మినహాయింపేదీ లేకపోతే టాక్స్ కాక, తీసిన డబ్బు మీద ఇంకో 10 శాతం పెనాల్టీ. ఆ డబ్బు ఎందుకు తీశారని అడిగితే ఆసుపత్రో, అద్దె బకాయో చెబుతారు. 1099-సి వస్తే, బ్యాంకు కార్డు బాకీలో కొంత వదిలేసిందని అర్థం. ఆ వదిలేసిన మొత్తాన్ని ఆదాయంగా లెక్కగట్టి దానిమీద టాక్స్ అడుగుతుంది ప్రభుత్వం. అప్పు తీరిందని ఊపిరి పీల్చుకున్న మనిషికి ఏడాది తర్వాత ఆ కాగితం పోస్టులో వస్తుంది. ఆస్తులకంటే అప్పులే ఎక్కువని ఫారం 982తో చూపిస్తే తప్పించుకోవచ్చు, ఆ సంగతి చాలామందికి తెలియదు. మూడోది డబ్ల్యూ-2లో 12వ గడి, డిడి కోడ్. ఉద్యోగి, కంపెనీ కలిసి హెల్త్ ఇన్సూరెన్స్‌కి ఏడాదికి ఎంత కట్టారో అక్కడ ఉంటుంది. వైద్య విధానాల పరిశోధన సంస్థ కేఎఫ్ఎఫ్ సర్వే ప్రకారం 2024లో కుటుంబానికి ఆ సగటు 25,572 డాలర్లు. జీతం ఎందుకు పెరగలేదని అడిగేవాళ్లకు నేను ఆ గడి చూపిస్తాను. పెరగాల్సిన జీతంలో కొంత అక్కడికే పోయింది.

ప్రభుత్వం చేసే పని వల్ల ఎంత తేడా వస్తుందో కూడా ఈ బల్ల దగ్గరే చూశాను. 2021లో పిల్లల టాక్స్ క్రెడిట్‌ను వయసును బట్టి ఒక్కొక్కరికి 3,000 లేదా 3,600 డాలర్లకు పెంచి, అందులో సగాన్ని జులై నుంచి నెలనెలా ఖాతాలో వేశారు. ఆ ఏడాది పిల్లల పేదరికం, టాక్స్ క్రెడిట్లను కూడా కలిపే లెక్కలో, 5.2 శాతానికి దిగింది. మరుసటి ఏడాది ఆ పెంపును ఆపేశారు, 12.4 శాతానికి ఎగిసింది. ఒక్క ఏడాదిలో తల్లిదండ్రులు సోమరులైపోలేదు కదా. డబ్బు ఆగిపోయింది, అంతే. దీని గురించి ఇవాళ ఎవరూ మాట్లాడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక మీ అమ్మాయి సంగతి. పైన చెప్పిన కుటుంబాల కష్టం ఆమెది కాదు, స్టాక్ మార్కెట్ రికార్డూ ఆమెది కాదు. అమెరికాలో భారతీయ కుటుంబాల మధ్యస్థ ఆదాయం (సగం కుటుంబాలకు అంతకంటే ఎక్కువ, సగానికి తక్కువ) ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ ప్రకారం 2023లో లక్షా యాభై వేల డాలర్ల దగ్గర. దేశం మొత్తానికి సెన్సస్ లెక్క 80,610. మీ బంధువుల్లో ఎవరైనా "ఇక్కడ ఢోకా లేదు" అంటే ఆ మొదటి అంకెలోంచి మాట్లాడుతున్నారు. అక్కడికి చేరడానికి వాళ్లకు ఏళ్లు పట్టింది. ఉద్యోగం పోతే హెచ్1బి మీద ఉన్నవాళ్లకు 60 రోజులే గడువు.

ఆమెకు కావాల్సిన అంకె దేశపు నిరుద్యోగ రేటు కాదు, కొత్తగా చదువు ముగించినవాళ్లకు ఉద్యోగాలు దొరుకుతున్నాయా అన్నది. 2025లో ఉన్న ఉద్యోగాలు పెద్దగా పోలేదు గానీ, కొత్తగా తీసుకోవడం బాగా మందగించింది. లోపల ఉన్నవాళ్లకు ఫర్వాలేదు, గుమ్మం దగ్గర ఉన్నవాళ్లకే టెన్షన్. న్యూయార్క్ ఫెడ్ 2025లో పెట్టిన పట్టికలో, 2023 సర్వే ఆధారంగా, కొత్త కంప్యూటర్ సైన్స్ డిగ్రీ వాళ్లలో నిరుద్యోగం 6.1 శాతం. అది ఇక్కడి బ్యాచిలర్స్ వాళ్ల లెక్క, వీసా అక్కర్లేని వాళ్లే ఎక్కువ. మీ అమ్మాయికి వీసా గడియారం అదనం. ఓపీటీ (చదువయ్యాక ఇక్కడ పనిచేసుకునే అనుమతి) మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. చదివేటప్పుడు సెమిస్టర్లో క్యాంపస్ మీద వారానికి 20 గంటలే పని. కాబట్టి "అక్కడికెళ్లాక పార్ట్‌టైమ్‌తో ఫీజు కట్టేస్తుంది" అన్న లెక్క వేసుకోకండి. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. దాని నియమాలు, మినహాయింపులు ఆమె చదువు అయ్యేలోపు మారవచ్చు, కన్సల్టెన్సీ వాళ్ల మాట మీద కాకుండా వలస వ్యవహారాల ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్ సైట్లోనే చూసుకోండి.

నేనైతే పంపొద్దనను. అప్పు సైజు మాత్రం చూస్తాను. మూడు ప్రశ్నలకు జవాబు రాబట్టండి: చదువు ముగిసి ఆరు నెలలు ఉద్యోగం రాకపోతే ఇండియాలో మీరు వాయిదాలు కట్టగలరా? తిరిగొచ్చి ఇండియా జీతం మీద ఆ లోన్ తీర్చాల్సి వస్తే ఎన్నేళ్లు పడుతుంది? ఇల్లో పొలమో తాకట్టు పెడుతున్నారా? మూడోదానికి అవునని, మొదటిదానికి కాదని జవాబు వస్తే ఒక ఏడాది ఆగి, ఇండియాలోనే ఉద్యోగం చేసి, ఫీజు తక్కువున్న అమెరికా స్టేట్ యూనివర్సిటీకి ప్రయత్నించమనండి. యూనివర్సిటీ పేరు, ఊరు, మొత్తం ఫీజు, లోన్ వడ్డీ కింద రాయండి. ఆ ఊరి అద్దెలతో కలిపి నెలవారీ ఖర్చు లెక్క వేసి పెడతాను.